మినీ ట్రాక్టర్‌కి ఎన్ని అడుగుల రోటవేటర్? జవాబు వందేళ్ల వెనక ఉంది



ఈ మధ్య మెసేజుల్లో ఎక్కువమంది అడుగుతున్నది ఒకటే. "అన్నా, 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ తీసుకున్నాం. దానికి 5 అడుగుల రోటవేటర్ లాగుద్దా? 4 అడుగుల దానికీ 5 అడుగుల దానికీ రేటులో పెద్ద తేడా లేదంట. పెద్దదే తీసుకుంటే పని తొందరగా అయిపోద్ది కదా?"

వద్దు. నా జవాబు అంతే. కానీ వద్దు అంటే ఎవరు వింటారు? షాపులో కుర్చీ వేసి కూర్చోబెట్టి "ఏం కాదు, లాగుద్ది" అన్న మాట ముందు నా మాట ఎంత? అందుకే ఈసారి అంకె చెప్పి వదిలేయకుండా, ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మొదటి నుంచీ రాస్తున్నాను. ఈ యంత్రం ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎంత ఇంజనుకి ఎంత వెడల్పు పెట్టారు అన్నది తెలిస్తే, మీ బండికి ఏది సరిపోతుందో మీరే లెక్క వేసుకుంటారు. పోస్టు పొడుగే. తీరిగ్గా చదవండి.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ అని ఒక రాష్ట్రం. అక్కడ గిల్‌గాండ్రా అనే ఊరి దగ్గర ఒక రైతు కుటుంబం. ఆ ఇంటి కుర్రాడి పేరు ఆర్థర్ క్లిఫర్డ్ హోవర్డ్, 1893లో పుట్టాడు. మిషన్ల పని నేర్చుకుంటున్న పిల్లోడు. 1912లో, అంటే 19 ఏళ్ల వయసులో, తండ్రి పొలంలో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. అతను గమనించింది మనందరం రోజూ చూసేదే. నాగలి పైమట్టిని తిరగేస్తుంది, నిజమే. కానీ నాగలి అడుగు కిందున్న మట్టిని నొక్కుకుంటూ పోతుంది. లాగే బండి చక్రాలు ఇంకాస్త నొక్కుతాయి. పైన గుల్ల చేస్తూ కింద గట్టి చేస్తున్నాం. మరి లాగకుండా, తిప్పి తవ్వితే?

ఇంట్లో ఆవిరి ట్రాక్టర్ ఉంది. దాని ఇంజను నుంచి తిరుగుడు తీసుకుని బ్లేడ్లున్న ఇరుసుకి కలిపాడు. మట్టి తెగింది కానీ పక్కలకి ఎగిరిపోయింది. మడి మధ్యలో కాలువ, రెండు పక్కలా గట్లు. చివరికి కుదిరింది ఏమిటంటే, ఇంగ్లీషు ఎల్ అక్షరంలా వంగిన బ్లేడు. వాటిని చిన్న రోటరు మీద ఎడం ఎడంగా ఉన్న ఫ్లాంజిలకి బిగించాడు. మట్టి పక్కలకి పోవడం ఆగింది. మీ షెడ్డులో రోటవేటర్ ఉంటే ఓసారి వంగి కిందకి చూడండి. గేర్ బాక్సులు మారాయి, రంగులు మారాయి, స్టిక్కర్లు మారాయి. ఆ ఎల్ బ్లేడు మాత్రం ఇవాళ్టికీ మన దగ్గర ఎక్కువ బండ్ల కింద ఉంది.

తర్వాత మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పని ఆగిపోయింది. 1919లో మళ్లీ ఆస్ట్రేలియా చేరి, 1920లో పేటెంటు తీసుకుని, 1922లో కంపెనీ పెట్టాడు. కొన్నాళ్లకి సిడ్నీ పక్కన నార్త్‌మీడ్‌లో ఫ్యాక్టరీ.

ఇక్కడ మన ప్రశ్నకి సంబంధించిన ముక్క వస్తుంది. అప్పట్లో దొరికే ట్రాక్టర్లు నాగలి లాగడానికి చేసినవి. రోటవేటర్‌కి కావాల్సినంత నిదానంగా అవి నడవవు. బండి జోరుగా పోతుంటే బ్లేడు ఒక్కో దెబ్బకి పెద్ద పెళ్ల తెంచాలి, ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. దాంతో హోవర్డ్ తన యంత్రానికి సరిపోయే ట్రాక్టర్‌నే తయారు చేశాడు. దాని పేరు డీహెచ్22. 22 హెచ్‌పీ తరగతి బండి. రోటవేటర్ కనిపెట్టినాయన కూడా "ఏ బండి అయినా లాగుద్దిలే" అనుకోలేదు, బండినీ పనిముట్టునీ ఒక జతగా చూశాడు. 1938లో ఇంగ్లాండు వెళ్లి ఎసెక్స్‌లోని ఈస్ట్ హార్న్‌డన్ దగ్గర ఇంకో కంపెనీ పెట్టాడు. రోటవేటర్ అన్న పేరు ప్రపంచమంతా పాకింది ఆ హోవర్డ్ యంత్రాల వల్లే. అసలు అది కంపెనీ పెట్టుకున్న పేరు, ఇప్పుడు మనకి నాగలి, గుంటక లాగా మామూలు మాట అయిపోయింది. ఇంకో తమాషా. ఆ పేరుని ఇంగ్లీషులో రాసి వెనక నుంచి చదివినా అదే వస్తుంది, మన వికటకవి లాగా. పిల్లలకి చూపించండి.

ఒక్క హోవర్డే ఈ దారిలో ఆలోచించాడని కాదు. అంతకు కాస్త ముందు నుంచే స్విట్జర్లాండులో కోన్రాడ్ ఫాన్ మేయెన్‌బుర్గ్ అనే ఇంజనీరు తిరిగే కొక్కేలతో మట్టి తవ్వే యంత్రం మీద పని చేశాడు. జర్మనీలో సీమెన్స్ వాళ్లు ఆ రకం యంత్రాలు చేశారు. స్విస్ చిన్న యంత్రాల దగ్గరికి మళ్లీ వస్తాను, మన పవర్ టిల్లర్ల కథ అక్కడ తగులుతుంది.

ముందు తిప్పే బలానికీ లాగే బలానికీ తేడా చెప్పుకోవాలి. ఇది అర్థం కాకపోతే మిగతాదంతా గాలికి పోతుంది.

నాగలికి, గొర్రుకి కావాల్సింది లాగే బలం. ఇంజను బలం చక్రాల ద్వారా నేల మీదకి రావాలి. బండి తేలికైతే చక్రం జారుతుంది, బలం అక్కడే పోతుంది. అందుకే నాగలికి బరువైన బండి కావాలి. రోటవేటర్‌కి కావాల్సింది తిప్పే బలం. అది పీటీవో షాఫ్టు ద్వారా నేరుగా బ్లేడుకి పోతుంది, చక్రాల మీద ఆధారపడదు. పైగా బ్లేడ్లు చక్రాలు తిరిగే వైపుకే తిరుగుతాయి కాబట్టి బండిని కాస్త ముందుకి తోస్తాయి కూడా. తేలికపాటి మినీ ట్రాక్టర్ కూడా రోటవేటర్‌తో మంచి పని చేయడానికి కారణం ఇదే. రెండు చెక్కల నాగలి కడితే చక్రాలు జారే బండి, సరైన సైజు రోటవేటర్ కడితే హాయిగా పోతుంది. మోసం కూడా ఇక్కడే ఉంది. నాగలి ఎక్కువైతే చక్రం జారి మీకు వెంటనే తెలిసిపోతుంది. రోటవేటర్ ఎక్కువైతే చక్రం జారదు. ఇంజను మూలుగుతుంది, పొగ నల్లగా వస్తుంది, అయినా తిరుగుతూనే ఉంటుంది. "చూశావా, లాగుతోంది" అనిపిస్తుంది. బిల్లు తర్వాత వస్తుంది.

ఈ పీటీవో కూడా మొదటి నుంచీ లేదు. 1918లో అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ తన ట్రాక్టర్లలో దాన్ని అమ్మకానికి తెచ్చింది. 1920ల్లో అక్కడి ఇంజనీర్లు కూర్చుని, షాఫ్టు ఎంత వేగంతో తిరగాలి, ఎంత లావుండాలి అని ఒక కొలత పెట్టుకున్నారు. మీ రోటవేటర్ మీద ఉండే 540 అన్న అంకె ఆ కాలం నాటిది.

అదే కాలంలో అమెరికాలో ఇంకో గొడవ నడిచింది. ప్రతి మినీ ట్రాక్టర్ రైతూ తెలుసుకోవాల్సిన కథ ఇది. నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు ఉండేవాడు. ఆయన ఫోర్డ్ అన్న పేరు చూసి ఒక ట్రాక్టర్ కొన్నాడు. కార్ల హెన్రీ ఫోర్డ్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదు. మిన్నియాపొలిస్‌లో ఎవరో ఆ పేరు గల ఇంకో మనిషిని పక్కన పెట్టుకుని పెట్టిన కంపెనీ అది. కాగితం మీద చెప్పిన బలం పొలంలో లేదు. ఆ రోజుల్లో ఎవరికి తోచిన హెచ్‌పీ వాళ్లు బండి మీద రాసుకునేవాళ్లు, అడిగేవాడు లేడు. క్రోజియర్ ఊరుకోలేదు. రాష్ట్ర శాసనసభకి ఎన్నికై వెళ్లి 1919లో చట్టం తెచ్చేదాకా పట్టు వదల్లేదు. ఆ చట్టం ప్రకారం, నెబ్రాస్కాలో ట్రాక్టర్ అమ్మాలంటే ముందు విశ్వవిద్యాలయంలో పరీక్ష పెట్టి, చెప్పిన బలం ఉందో లేదో చూపించాలి. 1920 నుంచి పరీక్షలు మొదలయ్యాయి. ఆ రిపోర్టులు ఎవరైనా చదువుకోవచ్చు. తర్వాత ప్రపంచమంతా ట్రాక్టర్ పరీక్షలకి అదే దారి చూపించింది.

మన దేశంలో ఆ పని మధ్యప్రదేశ్‌లోని బుధ్నీలో మొదలైంది. మనకి దగ్గర్లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో 1983 నుంచి దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. హైవే మీద పోతూ బోర్డు చూసినవాళ్లు చాలామందే ఉంటారు, లోపల ఏం చేస్తారో తెలిసినవాళ్లు తక్కువ. అక్కడ యంత్రాలని పట్టి నడిపి, కొలిచి, రిపోర్టు రాస్తారు. దాని సంగతి చివర్లో చెబుతాను.

క్రోజియర్ కథ మనకెందుకంటే, మీ బండి బానెట్ మీద రాసి ఉన్న 24 హెచ్‌పీ ఇంజను బలం. అది వెనక షాఫ్టు దాకా వచ్చేసరికి గేర్లలో కొంత పోతుంది. మామూలుగా నూటికి పది, పదిహేను పాళ్లు పోతుంది. అంటే 24 హెచ్‌పీ బండికి పీటీవో దగ్గర 20, 21 మిగులుతుంది. 18 హెచ్‌పీ బండికి 15, 16. రోటవేటర్‌కి అన్నం పెట్టేది ఈ రెండో అంకె. కొనేటప్పుడు మనం అడిగేదేమో మొదటి అంకె.

ఇక ఐర్లండు మనిషి హ్యారీ ఫెర్గూసన్ గురించి రెండు మాటలు. మొదటి యుద్ధం రోజుల్లో తిండి కరువు వచ్చి, ఐర్లండు వ్యవసాయ శాఖ ట్రాక్టర్లతో బాగా పని చేయించమని ఆయనకి ఒక పని అప్పజెప్పింది. ఊరూరా తిరిగి చూస్తే ఆయనకి కనిపించిన జబ్బు ఇది. ట్రాక్టర్‌ని ఒకరు చేస్తున్నారు, నాగలిని ఇంకొకరు చేస్తున్నారు, రెండూ గొలుసుతో కట్టి నడుపుతున్నారు. నాగలి రాయికి తగిలితే బండి ముందు లేచి డ్రైవరు మీద తిరగబడేది. దానికి మందుగా ఆయన తెచ్చిందే మూడు పాయింట్ల హిచ్. ఇవాళ మీరు రోటవేటర్ తగిలించే రెండు కింది ఆర్మ్‌లు, పైన టాప్ లింకు ఆయన ఆలోచనే. 1938లో హెన్రీ ఫోర్డ్‌తో చేతిలో చెయ్యి వేసి ఒప్పందం చేసుకున్నాడు, 1939లో ఆ బండి బయటికొచ్చింది. 1946 నుంచి పదేళ్లలో ఇంగ్లాండులోని కోవెంట్రీలో ఆయన చిన్న బూడిద రంగు ట్రాక్టర్లు 5 లక్షలకి పైగా తయారయ్యాయి. వాటి బలం ఎంతనుకున్నారు? ఇంచుమించు ఇప్పటి మన మినీ ట్రాక్టర్ అంతే, 20ల్లో. అంత చిన్న బండి యూరప్‌లో పెద్ద బండ్లని ఎలా తట్టుకుంది? ఫెర్గూసన్ దానికి పనిముట్లు విడిగా చేయించాడు. నాగలి, గొర్రు, విత్తే యంత్రం అన్నీ ఆ బండి బలానికే కొలిచి చేసినవి. పెద్ద బండి పనిముట్టు తెచ్చి తగిలించమని ఆయన ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు ఆ స్విస్ చిన్న యంత్రాల దగ్గరికి వద్దాం. 1920ల్లో అవి జపాన్ చేరాయి. అక్కడి మళ్లు మన గోదావరి మళ్ల కంటే చిన్నవి. ఒకాయామా ప్రాంతంలో సముద్రం పూడ్చి సాగులోకి తెచ్చిన నేలలు ఉండేవి. అక్కడి మెకానిక్కులు, రైతులు దిగుమతైన యంత్రాలని విప్పి, బురదకి తట్టుకునేలా, తమ మళ్లలో తిరిగేలా మళ్లీ చేసుకున్నారు. రెండో యుద్ధం తర్వాత అవి ఇంటింటికీ పాకాయి. 1960ల నాటికి జపాన్‌లో నడిచే పవర్ టిల్లర్ల లెక్క లక్షల్లోనే చెప్పుకోవాలి.

అక్కడి నుంచి మనకి. 1967లో బెంగళూరులో వీఎస్‌టీ కంపెనీ మిత్సుబిషితో కలిసి పవర్ టిల్లర్లు మొదలుపెట్టింది. 1973లో కేరళలో ప్రభుత్వ సంస్థ కామ్కో వచ్చింది, కుబోటా నమూనాతో. వరి పండే ఊళ్లలో పెద్దవాళ్లని అడగండి, ఆ బండి వెనక బురదలో నడిచిన కాళ్లు ఇంకా నొప్పి పెడుతున్నాయంటారు.

ఆ పవర్ టిల్లర్ మీ ఊళ్లో ఎవరింట్లోనన్నా ఉంటే టేపు పట్టుకెళ్లి కొలవండి. ఇంజను 12, 13 హెచ్‌పీ. రోటరీ వెడల్పు 60 సెంటీమీటర్లు, అంటే 2 అడుగులు. అంతే! అది చేసిన జపాన్ వాళ్లకి 3 అడుగులు పెట్టడం చేతకాక కాదు. ఏళ్ల తరబడి మళ్లలో తిప్పి చూసి, అడుగు వెడల్పుకి సుమారు 6 హెచ్‌పీ దగ్గర స్థిరపడ్డారు. ఇంకో పక్క నుంచి చూడండి. మన దగ్గర 45 హెచ్‌పీ పెద్ద ట్రాక్టర్‌కి వాడుకలో ఉన్నది 6 అడుగుల రోటవేటర్. 45లో షాఫ్టు దగ్గర మిగిలేది 38, 39. దాన్ని 6తో భాగించండి. అక్కడా అడుగుకి 6, ఆరున్నర. చిన్న యంత్రం ఒక దేశం నుంచి వచ్చింది, పెద్దది ఇంకో దారిలో వచ్చింది, రెండూ చేరింది ఒకే అంకెకి.

ఇప్పుడు మీ 24 హెచ్‌పీ బండి. షాఫ్టు దగ్గర 20 లేదా 21. ఆరుతో భాగిస్తే మూడున్నర అడుగులు. తేలిక ఎర్రనేల, ఇసుక కలిసిన నేల అయి, 4 అంగుళాల లోతు చాలనుకుంటే అడుగుకి 5 హెచ్‌పీ సరిపోతుంది కాబట్టి 4 అడుగుల దాకా వెళ్లొచ్చు. నల్లరేగడిలో మూడున్నర దాటొద్దు. 18 హెచ్‌పీ బండికి రెండున్నర, మహా అయితే 3 అడుగులు. 5 అడుగులు అంటే తక్కువలో తక్కువ 35 హెచ్‌పీ బండి మాట.

"అయితే పెద్దది పెట్టి నిదానంగా పోతాం" అంటారు కొందరు. లెక్క వేద్దాం. 3 అడుగుల రోటవేటర్‌తో గంటకి 3 కిలోమీటర్లు నడిపితే, 90 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున గంటకి 2,700 చదరపు మీటర్లు అవుతుంది. అదే బండికి 4 అడుగులది కట్టి ఇంజను మూలుగుతుంటే గేరు తగ్గించి 2 కిలోమీటర్లతో పోతారు. 1.2 మీటర్ల వెడల్పు, గంటకి 2,400. పెద్దది కట్టి తక్కువ పని చేశారు, డీజిల్ ఎక్కువ కాల్చారు. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు. మలుపులు కలుపుకుంటే మొదటి దానికి రెండు గంటలకి కాస్త అటూ ఇటూగా ఎకరం తెమిలిపోతుంది. రెండో దానికి ఇంకో పావుగంట పైన పడుతుంది.

మట్టి సంగతి ఇంకోటి. పీటీవో 540 తిరగాలంటే ఇంజను ఒక వేగంలో ఉండాలి. భారం ఎక్కువై ఇంజను దిగిపోతే రోటరు కూడా నిదానిస్తుంది. మామూలుగా రోటరు నిమిషానికి 200 చుట్లు తిరుగుతుంది అనుకుందాం. ఫ్లాంజికి 6 బ్లేడ్లు, 3 ఎడమకి, 3 కుడికి. గంటకి 3 కిలోమీటర్ల వేగంలో ఒక్కో బ్లేడు తెంచే ముక్క 8 సెంటీమీటర్ల పైచిలుకు. ఇంజను దిగిపోయి రోటరు 140కి పడితే అదే బ్లేడు 12 సెంటీమీటర్లు తెంచాలి. ఇంకా భారం, ఇంకా దిగుడు. పెళ్లలు మిగిలిపోతాయి. పెళ్లలు మిగిలాయని మనం రెండోసారి తిప్పుతాం. రెండుసార్లు తిప్పినచోట పైన పిండి, కింద బ్లేడు వీపు రాసి రాసి గట్టి పొర. ఆ పొర మీద వాన నీళ్లు నిలుస్తాయి, కంది, పత్తి లాంటివాటి తల్లివేరు కిందకి దిగదు. హోవర్డ్ ఏ జబ్బుకి మందు వెతికాడో ఆ జబ్బే తిరిగి తెచ్చుకుంటున్నాం, అదీ ఆయన యంత్రంతోనే. రెండు మూడేళ్లకోసారి గొర్రుతోనో, వీలైతే సబ్‌సాయిలర్‌తోనో ఆ పొర పగలగొట్టించండి. దీనికి పెద్ద బండిని అద్దెకి పిలవండి, మినీతో కాదు.

బరువు గురించి షాపులో ఎవరూ చెప్పరు. రోటవేటర్ వెడల్పు పెరిగితే బరువు పెరుగుతుంది. లిఫ్టు ఎత్తగలదా అన్నది సగం ప్రశ్న. ఎత్తాక ముందు చక్రాలు నేల మీద ఉంటాయా అన్నది మిగతా సగం. మినీ బండికి ముందు బరువు తక్కువ. రోటవేటర్ పైకెత్తి గట్టు ఎక్కుతుంటే ముందు చక్రం తేలిందంటే స్టీరింగు మీ చేతిలో లేనట్టే. కాలవ గట్ల మీద తిరిగేవాళ్లకి ఇది ప్రాణం మీది మాట.

అలాగని మరీ చిన్నదీ పనికిరాదు. రోటవేటర్ వెనక టైర్ల బయటి అంచుల దాకా రావాలి. రాకపోతే టైరు తొక్కిన గాడి దున్నకుండా మిగులుతుంది. బండి వెడల్పు మూడున్నర, రోటవేటర్ 3 అయితే, దాన్ని ఒక పక్కకి జరిపి బిగించే వీలున్న మోడల్ తీసుకోండి. ఒక టైరు గాడి పూర్తిగా చెరుగుతుంది, రెండోది పక్క సాలులో చెరుగుతుంది. తోటల్లో, సాళ్ల మధ్య అంతరకృషికి తీసుకునేవాళ్లకి లెక్క వేరు. సాలు వెడల్పులో అటు అర అడుగు, ఇటు అర అడుగు వదిలి మిగిలినదే మీ రోటవేటర్ వెడల్పు. అక్కడ హెచ్‌పీ ఎంతున్నా ఉపయోగం లేదు.

మరి మనకి పెద్ద సైజు మీద ఇంత మోజు ఎందుకు? దీనికీ చరిత్రే కారణం అని నా అభిప్రాయం. మన దేశంలో ట్రాక్టర్ మొదలైంది చిన్నగానే. ఫరీదాబాద్‌లో ఐషర్ 24 హెచ్‌పీతో మొదలైంది. 1971లో పింజోర్‌లో హెచ్‌ఎంటీ 25 హెచ్‌పీ, 1974లో పంజాబ్‌లో స్వరాజ్ 26 హెచ్‌పీ. కానీ అప్పట్లో వాటి వెనక ఉన్నవి గొర్రు, నాగలి, ట్రక్కు. మా వైపు ఊళ్లలో రోటవేటర్ కనిపించేసరికి బండ్లు పెద్దవైపోయాయి. మనం మొదట చూసిన రోటవేటరే 5, 6 అడుగులది. అది మన కళ్లలో ఉండిపోయింది. తర్వాత మినీలు వచ్చాయి, 3 అడుగులది చూస్తే బొమ్మలా అనిపిస్తుంది. "ఇంత చిన్నదానికి ఇంత డబ్బా" అనిపిస్తుంది.

ఈ మోజు లేని మనుషులు ఎలా ఆలోచిస్తారో చూడాలంటే గుజరాత్ వైపు చూడాలి. అమ్రేలీ జిల్లాలో మన్సుఖ్‌భాయ్ జగానీ అనే ఆయన 1994లో బుల్లెట్ మోటార్‌సైకిల్ వెనక చక్రం తీసేసి, రెండు చక్రాల ఇరుసు పెట్టి, సాంతీ తగిలించాడు. చిన్న డీజిల్ ఇంజను. దానితో గుంటక తోలడం, విత్తడం, మందు కొట్టడం చేశారు. ఆ ఇంజను ఎంత లాగుద్దో అంతే వెడల్పు పెట్టాడు కాబట్టి అది నడిచింది. ప్రభుత్వం కూడా ఈ తేడా గుర్తించింది. 2014-15లో మొదలైన కేంద్ర యాంత్రీకరణ పథకంలో పనిముట్లని 20 హెచ్‌పీ లోపు, 20 నుంచి 35, ఆ పైన అని బండి బలాన్ని బట్టి విడదీశారు. సబ్సిడీ అప్లికేషన్ పెట్టేటప్పుడు మీ బండి ఏ వరసలోకి వస్తుందో ముందు చూసుకోండి. సబ్సిడీ వస్తోంది కదా అని పై వరస పనిముట్టు కోసం పైరవీ చేయకండి.

ఇక గార్లదిన్నె మాట. బండి కొనే ముందు డీలర్‌ని టెస్టు రిపోర్టు అడగండి. అందులో పీటీవో బలం ఎంతో కొలిచి రాసి ఉంటుంది. క్రోజియర్ లాంటి రైతు పోరాడి సాధించిన కాగితం అది, అడగడానికి మొహమాటం వద్దు. ఆ పీటీవో అంకె తీసుకుని మీ నేలని బట్టి 5తోనో 6తోనో భాగించండి. వచ్చిన అడుగులకి దిగువన దొరికే సైజు తీసుకోండి. అదే రిపోర్టులో లిఫ్టు ఎంత బరువు ఎత్తుతుందో కూడా ఉంటుంది. దాన్ని రోటవేటర్ బరువుతో పోల్చుకోండి.

ఇప్పటికే పెద్దది కొనేసినవాళ్లు కంగారు పడకండి. ముందు ఒక సాలు గొర్రు తోలి, నేల పదును మీద ఉన్నప్పుడే, లో గేర్లో, 3 అంగుళాలకి మించకుండా తిప్పండి. గేర్ బాక్సులో వేగం మార్చే వీలుంటే రోటరు వేగం తగ్గించే గేర్లు వేయించండి. పెళ్ల కాస్త పెద్దగా వస్తుంది కానీ ఇంజను మీద భారం దిగుతుంది. షాఫ్టుకి షేర్ బోల్టు ఉన్న రకమైతే, అది తెగినప్పుడల్లా గట్టి బోల్టు వేసేయకండి. తెగడమే దాని పని, అది తెగకపోతే తెగేది గేర్ బాక్సు లోపల. షాఫ్టు మీద ప్లాస్టిక్ గొట్టం ఊడిపోయి ఉంటే ఇవాళే వేయించండి, పంచె కట్టుకుని తిరుగుతున్న షాఫ్టు దగ్గరికి పోవద్దు. సీజను అయ్యాక, పెద్ద బండి ఉన్నవాళ్లెవరికైనా అది ఇచ్చేసి మీ కొలతది తెచ్చుకోండి. 5 అడుగుల పాత రోటవేటర్‌కి మన ఊళ్లలో కొనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.